నలభై ఏళ్ళ కొసరు

రాఘవమ్మ చనిపోయి మూడు రోజులైంది. ఆమెను కోడలే చంపిందని తేల్చడానికి పోలీసులకు ఒక్క పూట కూడా పట్టలేదు.

తేల్చడంలో కష్టమేముంది గనక. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్ళిద్దరే. పొద్దున ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారని వీధి వీధంతా చెప్పింది. కోడలు అమల మూడింటికి డ్యూటీ నుంచి వచ్చి కాఫీ కలిపింది, అత్త తాగింది, నాలుగు కాకముందే వంటింటి గడప మీద పడిపోయింది. శవపరీక్షలో బయటపడింది గుండెజబ్బుకు వాడే మందు. మోతాదు మించితే అదే విషం. అమల చిత్తూరులోనే ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సీఐ చక్రధర్ ఈ ముక్కలన్నీ ఒకే దారానికి గుచ్చి, నిన్న సాయంత్రం ఆమెను అరెస్టు చేశాడు. ఈ రోజు నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు హాజరుపరుస్తాడు. ఆపైన జైలు.

అంటే డిటెక్టివ్ ధరణికి మిగిలింది ఈ పగలొక్కటే.

తిరుపతి బస్టాండు వెనక లాడ్జీ మేడ మీద ఉన్న ఆమె ఆఫీసు తలుపును పొద్దున్నే తట్టినవాడు మునిచంద్ర. రాఘవమ్మకు ఒక్కగానొక్క కొడుకు, అమలకు భర్త. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆమె సంపిందా లేదా, అది తేల్సండి మేడం, సాలు. సంపింటే శిక్ష పడేదాకా నేనే కోర్టు మెట్లెక్కతా. సంపలేదంటే..." కుర్చీ వీపు పట్టుకున్నాడు. "నిన్న పోలీసులు తీసకపోతా ఉంటే నా పక్క సూసింది. నేను మొగం తిప్పుకున్నా. సంపలేదంటే ఆ పాపం నేను యాడ కడుక్కోవాల?"

ధరణికి మొగుళ్ళ మీద పెద్ద నమ్మకం లేదు. ఆమె దగ్గరికి వచ్చే కేసులు అట్లాంటివి. అయినా ఇతని మాట ఆమెకు ఎక్కడో తగిలింది. గంటలోపే ఇద్దరూ చిత్తూరు బస్సులో ఉన్నారు.

వంటింట్లో పోలీసులు కాఫీ గ్లాసు, పాలగిన్నె, చక్కెర డబ్బా అన్నీ ఎత్తుకుపోయారు. కాఫీ అనుకున్నవాళ్ళు కాఫీ సామాన్లే చూస్తారు. మిగతా వంటిల్లు ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. ధరణి గడప దగ్గర నిలబడి ఒక్కో అరా చూసుకుంటూ వచ్చింది. పై అర చివర, మసిబారిన సామాన్ల మధ్య తళతళలాడే స్టీలు చెంబు ఒకటి బోర్లించి ఉంది. దాని చుట్టూ నల్లగా ఏదో రాలి ఉంది. దగ్గరికి పోయి చూస్తే చీమలు. గోడ మీది నుంచి బారుగా వచ్చి, చెంబు అంచు దాకా చేరి, అక్కడే చచ్చిపడి ఉన్నాయి.

ఆమె చేతిరుమాలుతో చెంబు ఎత్తింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు. రాఘవమ్మ.

"ఇది ఎప్పటిది?"

"ఆ రోజే వచ్చినాది మేడం. మధ్యాన్నం నేను అన్నానికొచ్చేసరికి అమ్మ గుడ్డలో కుట్టిన పార్శిలు ఇప్పతా ఉండింది. ఫోన్లో ఏదో బుక్ చేసింటాదిలే అనుకున్నా. నవ్వతా ఉండింది మేడం. పొద్దున అంత రచ్చ అయిందా, ఆ చెంబును సూస్తానే చిన్నపిల్ల మాదిరి అయిపోయింది. 'నలభై ఏండ్లకొచ్చిందిరా నా కొసురు' అనింది."

"కొసురు అంటే?"

"కొసురంటే కొసురే. సామాను కొంటే పైన ఊరికే ఇస్తారే, అది."

"చెంబుతో పాటు ఇంకా..."

ధరణి ప్రశ్న పూర్తికాలేదు. వాకిట్లో జీపు ఆగింది, బూట్లు ఇంట్లోకే వచ్చేశాయి.

"ఏం మేడం, తిరుపతిలో తప్పిపోయిన మొగుళ్ళందరూ దొరికిపోయినారా? నా సీన్లో ఏం పని మీకు?"

సీఐ చక్రధర్‌కూ ఆమెకూ పాత లెక్కలున్నాయి. ఏర్పేడు దగ్గర ఒక ప్రమాదం కేసును ఆయన మూసేస్తే, అది హత్య అని రుజువు చేసి ఆమె మళ్ళీ తెరిపించింది. అప్పటి నుంచి ఆమె పేరు వింటేనే ఆయనకు ఒళ్ళు మండుతుంది.

"ఇంటాయన పిలిస్తే వచ్చాను. సీఐ గారూ, కాఫీ గ్లాసులో మందు దొరికిందా?"

"గ్లాసు కడిగేసింది."

"కాఫీ తాగిన గ్లాసు ఎవరైనా కడుగుతారు. పాలల్లో దొరికిందా? చక్కెరలో?"

ఆయన చూపు వాకిట్లో జీపు వైపు పోయింది. అంటే దొరకలేదు.

"అమల మీకిచ్చిన వాంగ్మూలంలో ఒక మాట ఉందని ఇంటాయన చెప్పాడు. కాఫీ ఇచ్చేటప్పటికే అత్త నోట్లో ఏదో చప్పరిస్తా ఉండిందని. దాని సంగతేం చేశారు?"

"ఏం చప్పరించిందో అడిగినా. తెలీదంటాది. ఒకే ఇంట్లో ఉండి, ఎదురుగా నిలబడి, ఏం తింటా ఉండావని అత్తను అడగలేదంట. కథ అల్లడం కూడా రాదు ఆమెకు."

"పొద్దుటి నుంచి మాటల్లేవు వాళ్ళకు. మాటల్లేని మనిషిని ఏమడుగుతుంది?" ధరణి అర వైపు చూపించింది. "ఆ చీమలు చూడండి."

చక్రధర్ వంగి చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "చీమలకు కూడా పోస్టుమార్టం చేయించమంటారా?"

"చేయిస్తే మీ పరువే నిలబడుతుంది. ఈ చెంబు జప్తు చేయండి."

"ఆన్‌లైన్లో కొన్న చెంబులన్నీ జప్తు చేస్తా పోతే మాకు స్టేషన్లో నిలబడే జాగా ఉండదు. నాలుగింటికి నేను కోర్టులో ఉండాల. మీరు ఏం చెప్పుకున్నా ఆ తర్వాత లాయరుకు చెప్పుకోండి. నాకు మాత్రం ఫోన్లు చేయొద్దు, ఎత్తను." గుమ్మం దాటుతూ మునిచంద్రను పైకీ కిందకీ చూశాడు. "ఏందప్పా, కన్నతల్లిని చంపినదాని కోసం డిటెక్టివును పెట్టినావే."

పుండు మీద కారం చల్లి పోయాడు మహానుభావుడు. మునిచంద్ర గోడకానుకుని అట్లాగే కిందికి జారిపోయాడు. ఆ కోపంలో ధరణి తాను సగంలో వదిలిన ప్రశ్న మర్చిపోయింది.

చెంబు ఉన్న అర మీద పరిచింది పాత కాగితం అనుకుంది మొదట. లాగి చూస్తే పుస్తకం. అట్ట పచ్చబడిపోయింది. మీద గొడుగు పట్టుకున్న చీరకట్టు మనిషి బొమ్మ, కింద పెద్ద అక్షరాలు: శేషగిరి మెయిల్ ఆర్డర్ హౌస్, తిరుపతి. ధరల పట్టిక, 1985. లోపల టార్చిలైట్లు, అలారం గడియారాలు, గొడుగులు, నైలాన్ చీరలు. ప్రతి దానికీ ఒక నంబరు. కార్డు రాస్తే వీపీపీలో ఇంటికొస్తుంది, డబ్బు పోస్టుమాను చేతికి.

"ఇది మా చిన్నాయన పనిచేసిన కంపెనీ," అన్నాడు మునిచంద్ర కళ్ళు తుడుచుకుంటూ. "తిరుమలయ్య అని, మా నాయనకు తమ్ముడు. ఆడ ప్యాకింగంతా ఆయన చేతి మీదే నడిచేదంట. పన్నెండు సామాన్లు కొంటే పేరు కొట్టిన చెంబు ఫ్రీ. అమ్మ ఆ చెంబు కోసరం అక్కర్లేని గొడుగులు కూడా తెప్పించిందని నాయన తిట్టేవోడు. సామాన్లతో వచ్చిన చీటీలన్నీ పంపినాక చెంబు రాలేదు. కంపెనీ మూసేసినారు. చిన్నాయన కనపడితే సాలు, 'నా చెంబు యాడరా తిరుమలయ్యా' అని ఎగతాళి పట్టిస్తా ఉండేది. ఆయన కూడా నవ్వేవోడు."

"ఇప్పుడూ నవ్వుతున్నాడా?"

మునిచంద్ర తల దించుకున్నాడు. "ఈ మధ్య మాటల్లేవు. మామిడితోపు అమ్మేద్దామంటాడు. ఉమ్మడిది, అమ్మ సంతకం కావాల. అమ్మ పెట్టనంటా ఉండింది."

ధరణి పుస్తకం మూసింది. "నీ భార్య చంపలేదు."

అతను కళ్ళార్పకుండా చూశాడు.

"నా చేతిలో ఇంకా రుజువు లేదు. కానీ చంపలేదు, అది నేను చెప్తున్నాను. ఇక్కడ కూర్చుని ఏడవకు. స్టేషన్‌కు పో. కోర్టుకు తీసుకుపోయేలోపల ఒకసారి ఆమెకు నీ ముఖం చూపించు. నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదంట. ఏదైనా తినడానికి తీసుకుపో."

మునిచంద్ర స్కూటర్ చప్పుడు వీధి మలుపు దాటాక ధరణి రెండు వీధుల అవతలికి నడిచింది.

తిరుమలయ్య కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఎముకల గూడు. కిటికీ కమ్మీకి కట్టిన ప్లాస్టిక్ కవర్లో మందు షీట్లు. ఆమె ఎవరో, ఎందుకొచ్చిందో చెప్పినా కళ్ళు మాత్రం వీధి మీదే ఉన్నాయి.

"కూర్చో అమ్మణ్ణీ. మా వదినె సంగతి తల్సుకుంటే మూడు దినాలుగా నిద్రలేదు."

ధరణి కేసు మాట ఎత్తలేదు. కంపెనీ గురించి అడిగింది. ముసలివాళ్ళ చేత మాట్లాడించాలంటే వాళ్ళు పని చేసిన రోజుల గురించి అడగాలని ఆమెకు తెలుసు. తిరుమలయ్య కూడా ఆ మాటకు కాస్త నిటారుగా కూర్చున్నాడు.

"ఆ కాలంలో పల్లెల్లో అంగళ్ళు యాడుండాయి? క్యాటలాగే అంగడి. సదువురానోళ్ళు కూడా బొమ్మలు సూసి నంబరు రాయించుకునేవోళ్ళు. అమ్మణ్ణీ, వస్తువును ఎవురూ సూడరు. కొసురును సూస్తారు. టార్చిలైటు యాడ కొన్నా టార్చిలైటే. పేరు కొట్టిన చెంబు యాడొస్తాది? ఆ చెంబు రేటు గొడుగులో కలిపే ఉంటాదని ఎవురికీ తట్టదు. ఇప్పుడు మీ ఫోన్లలో జరిగేది కూడా అదే యాపారం గదా. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంటారే."

"మీ వదినగారి చెంబు ఎందుకు రాలేదు?"

"పోస్టులో పోయింటాది."

"మొన్న వచ్చింది."

"విన్నా. ఎవురు పంపినారో మరి." ఆయన గొంతులో తేడా లేదు. చూపు మాత్రం వీధి నుంచి లోపలికొచ్చింది.

"చెంబు పంపేటప్పుడు లోపల ఏం పెట్టేవాళ్ళు?"

"ఏం పెడతాం. ఏమీ లేదు. ఒట్టి చెంబే."

ధరణి నెమ్మదిగా అడిగింది. "పక్కింటి గిన్నె తిరిగి ఇవ్వాల్సొస్తే మీ ఇంట్లో ఎట్లా ఇస్తారు?"

"ఎట్లేముండాది..." అని ఆగిపోయాడు తిరుమలయ్య.

"చారెడు చక్కెరో, నాలుగు బియ్యపు గింజలో వేసి ఇస్తారు. ఒట్టి గిన్నె ఎవరూ ఇవ్వరు. అట్లాంటిది, తిరుపతి నుంచి ఊరూరికీ ముత్తయిదువల పేరు మీద చెంబులు పంపే కంపెనీ ఒట్టివి పంపేదా?" ఆమె సంచిలోంచి క్యాటలాగు తీసి చివరి పేజీ తిప్పింది. "మీరు ఏళ్ళ తరబడి ప్రతి పార్శిల్లో పెట్టిన పుస్తకం ఇది. మొన్న కూడా పెట్టారు. నేను చదవనా? 'ఒట్టి పాత్ర పంపడం మా ఇంటా వంటా లేదు. చెంబులోని కలకండతో ముందు నోరు తీపి చేసుకొని, ఆ తర్వాతే చెంబు వాడుకొనవలెను.' ఈ మాట మీకు గుర్తులేకపోవడం నేను నమ్మను తిరుమలయ్యగారూ. గుర్తుంది కాబట్టే ఒట్టి చెంబన్నారు."

ఆయన కవర్లోని గుండెజబ్బు మందుల వైపు చూశాడు. ఆమె కూడా అటే చూసింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

"చెంబు పోస్టులో పోలేదు," అన్నాడు చివరికి. "నేనే ఎత్తుకొచ్చినా. నా పెండ్లాం అడిగింది, మనకూ ఒకటి కావాలని. తెచ్చినాక సూస్తే వదినె పేరు కొట్టేసి ఉండాది. పేరుండే చెంబు ఎట్ల వాడేది? నలభై ఏండ్లు అటక మీదే పడుండింది. ఆమె నవ్వినప్పుడల్లా నేనూ నవ్వినా. తెలుసో తెలీకో నవ్వతా ఉండింది, నాకు మాత్రం తెలుసు గదా." ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. "పోయిన నెల పదిమంది పెద్దోళ్ళను తీసకపోయి తోపు సంగతి అడిగినా. నా బతుకు ఇంక ఎన్నాళ్ళు, నా భాగం నాకియ్యి వదినె అని సేతులు పట్టుకున్నా. 'ముందు నా చెంబు ఇయ్యిరా, తర్వాత సంతకం పెడతా' అనింది. అందరూ నవ్వినారు. సరే, ఇస్తా అనుకున్నా."

ఇట్లాంటివి చాలా విన్న మనిషే, అయినా ఆ 'సరే' దగ్గర ధరణి క్యాటలాగు మూసేసింది. "మందు కలకండలో కలిపారు."

"ఊఁ."

"అంతా ఆమే తిన్నదా?"

తిరుమలయ్య మళ్ళీ వీధిలోకి చూశాడు.

"అదే నాకు తెలీదమ్మణ్ణీ. పార్శిలుకు రెండు పొట్లాలు."

"రెండా?"

"ఒకటి కొన్నామెకు, ఒకటి పక్కింటామెకు. పక్కింటామె నోరు కూడా తీపయితే ఆమె కూడా క్యాటలాగుకు రాస్తాది. అది మా ఓనరు పెట్టిన పద్ధతి. ఎన్ని వేల చెంబులు కట్టింటాయో ఈ సేతులు. మొన్న కూడా కలకండ రెండు పొట్లాలు కట్టినాయి, రెండూ లోపల పెట్టినాయి, గుడ్డ కుట్టేసినాయి. కుట్టినాక గుర్తొచ్చింది నాకు. ఇప్పి ఒకటి తీసేద్దామనుకున్నా." కిటికీ కమ్మీ పట్టుకున్నాడు. "తీయలేదు. అప్పటి నుంచి ఈ కిటికీ కాడే కూర్చోనుండా. ఇంగో సావు కబురు వస్తాదేమోనని."

ధరణి లేచి నిలబడింది. ఆ వంటింట్లో ప్రతి అరా తను చూసింది, ఏ పొట్లమూ లేదు. పక్కిళ్ళ వాళ్ళు నిక్షేపంగా ఉన్నారు, పొద్దున ఆమే చూసింది. అంటే రెండో పొట్లం ఆ ఇంటి గడప దాటింది. ఆ మధ్యాహ్నం ఆ ఇంటికి వచ్చి పోయినవాడు ఒక్కడే. చెంబుతో పాటు ఇంకా ఏం వచ్చింది, నీకేమైనా ఇచ్చిందా అని అడగబోయి, సీఐతో నోరు పెట్టుకుని, ఆ ప్రశ్నే మర్చిపోయింది తను. పైపెచ్చు, ఏదైనా తినడానికి తీసుకుపో అని తనే పంపింది.

మునిచంద్ర ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. స్టేషన్లో లోపలికి పోయేవాళ్ళ ఫోన్లు బల్ల మీద పెట్టించుకుంటారు.

చక్రధర్‌కు చేసింది. కట్ చేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్. ఆమె మెసేజి కొట్టింది: కలకండ తిననివ్వకండి, అందులో విషం ఉంది, తిరుమలయ్య ఒప్పుకున్నాడు. పంపి, ఫోన్ వైపు చూస్తూ నిలబడింది. తన పరువు, ఆయన పరువు, పాత గొడవలు, ఏవీ ఇప్పుడామెకు గుర్తు లేవు.

ఫోన్ మోగింది.

"ఏంది మేడం ఈ మెసేజి?" చక్రధర్ గొంతులో పొద్దుటి వెటకారం లేదు.

"మునిచంద్ర అక్కడున్నాడా?"

"లాకప్పు కాడ ఉండాడు, పెండ్లాంతో. ఏడుస్తా ఉండారు ఇద్దరూ."

"చేతిలో కలకండ ఉందా?"

"పొట్లం తెచ్చినాడు. వాళ్ళమ్మ ఆ రోజు మధ్యాన్నం ఇచ్చిందంట. పొద్దున కోడల్ని అనరాని మాటలన్నాను, నా చేత్తో ఇస్తే తీసుకోదు, నువ్వే ఇయ్యిరా అనిందంట. స్కూటర్ డిక్కీలో పెట్టి మర్చిపోయినాడంట. అత్త చివరిగా పంపిన తీపి, ఇది తినైనా మంచినీళ్ళు తాగు అని బతిమాలతా ఉండాడు. నేనే పర్మిషన్ ఇచ్చినా."

"అమల తిన్నదా? సీఐ గారూ, ఆమె తిన్నదా?"

"లేదు. ఇంకా పొట్లం చేతిలోనే పట్టుకొనుండాది." అంతలోనే ఆయన గొంతు వేరే ఎవరిదో అనిపించింది. "లాకప్పులోకి బయటి తిండి ఇస్తే తెచ్చినోడు ముందు తిని చూపించాల. మా స్టేషన్లో నేను పెట్టిన రూలు అది."

"తిన్నాడా?"

"నా ముందరే తిన్నాడు."

"ఎంత?"

అవతల ఏదో బరువుగా నేలకు తగిలింది, ఎవరో కుర్చీ వెనక్కి తోశారు. ఆ గందరగోళంలో ఒక ఆడగొంతు పైకి వచ్చింది. ధరణి ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. అయినా ఎవరిదో తెలిసింది.

"సార్, తాళం తీయండి. ఆయన పడిపోయినాడు. ఎత్తి కూర్చోబెట్టద్దండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నాడి సూడాల నేను. నర్సును సార్. మళ్ళా లోపలికొచ్చి కూర్చుంటా, యాడికీ పోను. తాళం తీయండి."

చక్రధర్ ఫోన్ ఎక్కడో కింద పెట్టినట్టున్నాడు. తాళంచెవుల గుత్తి చప్పుడు వినిపించింది. ఒక చెవి పట్టలేదు. ఇంకోటి కూడా పట్టలేదు. ధరణి ఫోన్ చెవికి అదిమిపట్టుకుని, ఊచల తలుపు తెరుచుకునే చప్పుడు కోసం వింటూ నిలబడింది.